ఫ్రీజర్‌లో పెట్టేది పాడవబోతున్నప్పుడు కాదు, బాగున్నప్పుడే

కొత్త దేశంలో ఒక్కరే ఉంటున్నా, సరుకులు మాత్రం ఇంటిల్లిపాదికీ సరిపడే ప్యాకెట్లలో దొరుకుతాయి. సగం వాడేలోపే మిగతా సగం చెత్తబుట్టకు పోతుంది. ఫ్రీజర్‌ని సరిగ్గా వాడుకుంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది.

చాలామందికి ఫ్రీజర్ ఆఖరి నిమిషంలోనే గుర్తొస్తుంది. కూర నాలుగు రోజులు ఫ్రిజ్‌లో ఉండి, వాసన మీద అనుమానం వచ్చాక తీసి పైన పడేస్తారు. దానివల్ల లాభం లేదు. మైనస్ 18 డిగ్రీల చలి బ్యాక్టీరియాను పెరగకుండా ఆపుతుందే తప్ప చంపేయదు. అందుకే తెచ్చిన రోజే, వండిన రోజే ఎంత తింటామో చూసుకుని మిగతాది ఫ్రీజర్‌లోకి పంపాలి.

వండినదాన్ని రెండు గంటలకు మించి బయట ఉంచకండి. అన్నంతో మరీ జాగ్రత్త. బియ్యంలో ఉండే ఒక రకం బ్యాక్టీరియా ఉడికించినా పూర్తిగా చావదు. అన్నం గోరువెచ్చగా ఉండిపోతే మళ్లీ పెరిగి విషం తయారుచేస్తుంది, ఆ విషం తర్వాత ఎంత వేడిచేసినా పోకపోవచ్చు. వెడల్పాటి పళ్లెంలో పరిస్తే అన్నం త్వరగా చల్లారుతుంది. తర్వాత ఒక్కో పూటకు సరిపడా జిప్‌లాక్ కవర్లలో వేసి, అరచేత్తో గాలంతా బయటికి నెట్టి, పల్చగా పరిచి పడుకోబెట్టండి. పల్చగా ఉంటే తొందరగా గడ్డకడుతుంది, తొందరగా కరుగుతుంది. గట్టిపడ్డాక అలమరలో పుస్తకాల్లా నిలబెట్టుకోవచ్చు. గాజు సీసా అయితే పైన రెండు వేళ్ల ఖాళీ వదలండి. నీరు గడ్డకడితే దాదాపు 9 శాతం ఉబ్బుతుంది, అంచుదాకా నింపితే సీసా పగులుతుంది.

కవరు నింపకముందే దాని మీద పేరు, తేదీ రాసేయండి. తడిసిన కవరు మీద పెన్ను పడదు. గుర్తుంటుందిలే అనుకుంటాం గానీ గడ్డకట్టాక కూరా సూపూ ఒకేలా కనిపిస్తాయి. నలుగురు పంచుకునే ఇల్లయితే మీ పేరు కూడా రాయండి, గొడవలుండవు.

బ్రెడ్ ముక్కలు ఫ్రీజర్ నుంచి నేరుగా టోస్టర్‌లో వేసుకోవచ్చు. పాలు కరిగాక విడిపోయినట్టుంటే బాగా ఊపితే సరి. కూరగాయల్ని మరిగే నీళ్లలో ఒకటి రెండు నిమిషాలు ముంచి, వెంటనే చన్నీళ్లలో వేసి, తడి ఆరాక పెట్టాలి. అలా చేయకపోతే చలిలో కూడా రంగూ రుచీ మెల్లగా తగ్గిపోతాయి. కీరదోస నీరుగారిపోతుంది, దాని జోలికి పోకండి. పెంకుతో గుడ్లు అసలే వద్దు.

ప్యాకెట్ మీది తేదీలు కూడా చూడండి. చాలా దేశాల్లో ‘యూజ్ బై’ ఉందంటే ఆ తేదీ దాటాక తినకూడదని, ‘బెస్ట్ బిఫోర్’ ఉంటే ఆ తర్వాత రుచి తగ్గవచ్చని. మొదటి రకాన్ని గడువులోపే ఫ్రీజర్‌లో పెట్టేయాలి.

రేపు వండాల్సినదాన్ని ఈ రాత్రే ఫ్రిజ్‌లోకి దించండి. గట్టు మీద వదిలేస్తే లోపల కరిగేలోపే పైభాగం వెచ్చబడిపోతుంది. మరిచిపోతే మైక్రోవేవ్‌లో కరిగించవచ్చు గానీ వెంటనే వండేయాలి.

కరెంటు పోతే టెన్షన్ పడి మాటిమాటికీ తలుపు తీయకండి. మూసే ఉంచితే నిండుగా ఉన్న ఫ్రీజర్ సుమారు 48 గంటలు, సగం నిండినది 24 గంటలు చల్లగా ఉంటుంది.