పేజీలను తుడవడంలోనే కెర్నల్ కాలం గడుస్తుంటే: సమస్య - పరిష్కారం

వరంగల్, హనుమకొండ, కాజీపేట ప్రాంతాల ఇంజినీరింగ్ కళాశాలల్లో ఒకే లినక్స్ సర్వర్‌ను అనేకమంది విద్యార్థులు పంచుకునే ప్రయోగశాలలను చూసుకునేవారి కోసం ఈ వివరణ. కెర్నల్ అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని మూల భాగం; అది ప్రోగ్రాములకు మెమరీని పేజీలనే చిన్న ముక్కలుగా పంచుతుంది.

లక్షణం 1: ప్రోగ్రాము నెమ్మదిగా నడుస్తుంది, టైమ్ కమాండ్‌తో చూస్తే యూజర్ సమయం (ప్రోగ్రాము సొంత పనికి పట్టింది) కంటే సిస్టమ్ సమయమే (దాని తరఫున కెర్నల్‌కు పట్టింది) ఎక్కువగా ఉంటుంది.

ముందుగా, ఏ ఫంక్షన్‌లో ఎక్కువ సమయం గడుస్తోందో చూపే పెర్ఫ్ టాప్ నడిపి చూడాలి. క్లియర్_పేజ్_ఈఆర్‌ఎంఎస్ వంటి పేరు పై వరుసల్లో కనిపిస్తే, కెర్నల్ పేజీలను సున్నాలతో నింపుతోందని అర్థం. ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రాము) వదిలిన పేజీలో దాని సమాచారం అలాగే మిగిలి ఉంటుంది కనుక, ఆ పేజీని మరొక ప్రాసెస్‌కు ఇచ్చే ముందు అందులోని 4096 బైట్లనూ తుడవక తప్పదు. కాబట్టి వెతకవలసిన లోపం తుడవడంలో కాదు, అన్నిసార్లు తుడవవలసి రావడంలో ఉంది.

ఎక్కువ సందర్భాలలో ఆ లోపం ప్రోగ్రాములోనే దొరుకుతుంది. పత్తి ఆకుల చిత్రాలను విశ్లేషించే సీ ప్రోగ్రాము ఒక్కొక్క చిత్రానికి 40 ఎంబీ బఫర్‌ను (తాత్కాలిక మెమరీని) మాలాక్ ఫంక్షన్‌తో తీసుకుని, పని కాగానే ఫ్రీ ఫంక్షన్‌తో వదిలేస్తుందనుకుందాం. 64 బిట్ల వ్యవస్థలో జీలిబ్‌సీ (మాలాక్, ఫ్రీలను అందించే సీ లైబ్రరీ) తన ఎమ్‌మ్యాప్ పరిమితిని, అంటే ఎంత పరిమాణం దాటితే మెమరీని కెర్నల్ నుంచి విడిగా తీసుకోవాలన్న హద్దును, 128 కేబీ నుంచి గరిష్ఠంగా 32 ఎంబీ వరకే తనంతట పెంచుకుంటుంది. అంతకు మించిన బఫర్‌ను ఫ్రీ చేసిన వెంటనే కెర్నల్‌కు తిరిగి ఇచ్చివేస్తుంది. ఫలితంగా ప్రతి చిత్రానికీ 10,240 పేజీలను కొత్తగా తెచ్చుకోవాలి, అన్నింటినీ కొత్తగా తుడవాలి. బఫర్‌ను లూప్ బయట ఒక్కసారి తీసుకుని మళ్లీ మళ్లీ వాడుకోవడమే సరైన మందు. మూల కోడ్ చేతిలో లేనప్పుడు మాలాక్_ఎమ్‌మ్యాప్_మ్యాక్స్_ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ విలువను సున్నా చేసి, మాలాక్_ట్రిమ్_థ్రెషోల్డ్_ విలువను బాగా పెంచవచ్చు. అయితే అప్పుడు ఆ ప్రోగ్రాము మెమరీని పట్టుకునే కూర్చుంటుంది కనుక, పక్కవారికి అందేది తగ్గుతుంది.

ప్రాసెసర్ ఖాళీగా ఉన్నప్పుడే తుడిచిపెట్టుకోవచ్చు కదా అన్న ప్రశ్న సహజం. ఏనుమాముల మార్కెట్ యార్డులో ఒకరి మిర్చి ఎత్తిన చోట మరొకరిది పోసే ముందు ఊడ్వక తప్పదు. ఎప్పుడు ఊడ్వాలన్నదే చర్చ. విండోస్ అన్నింటికంటే తక్కువ ప్రాధాన్యం గల ఒక థ్రెడ్‌తో ముందుగానే ఆ పని చేయిస్తుంది. లినక్స్ మాత్రం సాధారణంగా అడిగినప్పుడే తుడుస్తుంది. అప్పుడే తుడిచిన పేజీ క్యాష్‌లో (ప్రాసెసర్ దగ్గరి వేగవంతమైన చిన్న మెమరీలో) ఉంటుంది, ప్రోగ్రాము కూడా వెంటనే దాన్నే తాకుతుంది. ఎప్పుడో తుడిచి ఉంచిన పేజీకి ఈ లాభం దక్కదు. క్యాష్‌ను తప్పించి నేరుగా మెమరీలో రాసే ప్రాసెసర్ సూచనలకూ ఇదే ఇబ్బంది ఉంది: వెంటనే వాడని పెద్ద మెమరీకి అవి మేలు, ఒక్క పేజీకి తరచుగా నష్టం.

లక్షణం 2: సగటు వేగం బాగానే ఉంటుంది, కానీ అప్పుడప్పుడు ఏదో ఒక అభ్యర్థన ఉన్నట్టుండి ఆలస్యమవుతుంది.

చిన్న పేజీలకు బదులు పెద్ద పేజీలను కెర్నల్ తానే ఇచ్చే ట్రాన్స్‌పరెంట్ హ్యూజ్ పేజ్ అమరికను చూడండి. అది ఆల్వేస్‌లో ఉంటే, ఒక్క బైటును తాకినా 2 ఎంబీ, అంటే 512 మామూలు పేజీలంత మెమరీని ఒకేసారి తుడవవలసి రావచ్చు. ఆ క్రమంలో క్యాష్‌లో ఉన్న పనికివచ్చే సమాచారం బయటికి పోతుంది. ఈ నష్టాన్ని తగ్గించడానికే, ప్రోగ్రాము తాకిన భాగాన్ని చివరన తుడిచే మార్పును 2017లో లినక్స్‌లో చేర్చారు. ఆలస్యాన్ని సహించని డేటాబేస్ ఉన్న యంత్రంలో అమరికను ఎమ్‌అడ్వైజ్‌కు (ప్రోగ్రాము కోరినప్పుడే పెద్ద పేజీలు ఇచ్చే విధానానికి) మార్చాలి. రాత్రంతా నడిచే గణనలకైతే ఆల్వేస్‌నే ఉంచడం నాకు సమంజసంగా తోస్తుంది, ఎందుకంటే పేజ్ ఫాల్టుల (ఇంకా కేటాయించని పేజీని తాకినప్పుడు కెర్నల్ జోక్యం చేసుకోవలసి రావడం) సంఖ్య బాగా తగ్గుతుంది.

లక్షణం 3: వర్చువల్ మెషీన్‌లో మొదటి పరుగు నెమ్మది, రెండవది వేగం.

గెస్ట్ (వర్చువల్ మెషీన్ లోపలి కెర్నల్) ఒకసారి, దాని కింద హోస్ట్ (అసలు యంత్రపు కెర్నల్) మరొకసారి తుడుస్తున్నాయి. హోస్ట్‌లో ఆ మెషీన్‌కు మెమరీని ముందే కేటాయించండి. మెషీన్ మొదలవడం కొంత ఆలస్యమవుతుంది.

లక్షణం 4: కెర్నల్ మార్చిన తరువాత నెట్‌వర్క్ పనులు కొద్దిగా మందగించాయి.

2019లో వచ్చిన 5.3 కెర్నల్ నుంచి ఇనిట్_ఆన్_ఆలాక్ అనే రక్షణ అందుబాటులో ఉంది. ఉబుంటు కెర్నళ్లలో అది ముందే ఆన్ అయి వస్తుంది. కెర్నల్ తన సొంత అవసరానికి తీసుకునే మెమరీని కూడా ఇది తుడుస్తుంది. సాధారణ పనులలో దీని భారం 1 శాతం లోపేనని, కృత్రిమ పరీక్షలలో 7 శాతం వరకు ఉండవచ్చని కెర్నల్ ఆకృతీకరణ వివరణే చెబుతుంది. వదిలేటప్పుడు తుడిచే ఇనిట్_ఆన్_ఫ్రీకి 3 నుంచి 5 శాతం. బూట్ వరుసలో (యంత్రం మొదలయ్యేటప్పుడు కెర్నల్‌కు ఇచ్చే అమరికలలో) ఇనిట్_ఆన్_ఆలాక్ విలువను సున్నా చేసి కొలిచి చూడవచ్చు. దీనిని తీసివేసినా ప్రోగ్రాములకు చేరే పేజీలను తుడవడం ఆగదు కనుక, మొదటి లక్షణానికి ఇది మందు కాదు. ఎవరు ఏ కోడ్ నడుపుతారో తెలియని ప్రయోగశాల సర్వర్‌లో దీన్ని ఆన్‌లోనే ఉంచాలి.