జెట్‌స్కీ మొరాయిస్తే మన గోదారి నీళ్ళలో ముందు ఏం చూసుకోవాలంటే

మా కోనసీమ వైపు జెట్‌స్కీ ఆగిందంటే చాలు, పక్కనున్నోళ్ళు ముందు సీటు ఎత్తేసి ప్లగ్గులు పీకేస్తారండి. నా మాట విని ప్లగ్గుల జోలికి వెళ్ళేముందు ఒక్కసారి బండి కిందకి చూడండి. దీనికి బోటుకున్నట్టు బయట ఫ్యాను ఉండదు కదా, కిందనున్న జాలీలోంచి నీళ్ళు లోపలికి లాగి ఇంపెల్లర్ అనే లోపలి ఫ్యానుని తిప్పి వెనక నాజిల్‌లోంచి గట్టిగా చిమ్ముతుంది, ఆ తోపుకే బండి ముందుకెళ్తుంది. నీళ్ళతో పాటు గుర్రపు డెక్క, కొబ్బరి పీచు, తెగిన వల ముక్కలు, ఇసుక అన్నీ లోపలికి పోతాయి. మన పాయల్లో వీటికి కొదవేముంది.

ఇంజన్ సౌండ్ బాగా పెరుగుతోంది, మీటర్లో ఆర్‌పీఎం లేస్తోంది, కానీ బండి మాత్రం కదలట్లేదు, లేదా వణుకుతూ కదులుతోంది అంటే ఇంజన్ బానే ఉందని అర్థం, ఇంపెల్లర్ దగ్గర ఏదో ఇరుక్కుంది. వెంటనే ఇంజన్ ఆపేసి, చేతికి కట్టుకున్న లాన్యార్డ్ (మనం పడిపోతే ఇంజన్ ఆపేసే తాడు) క్లిప్పు స్విచ్ నుంచి పీకేసి జేబులో పెట్టుకోండి. క్లిప్పు పీకకుండా మాత్రం జాలీలో చెయ్యి పెట్టొద్దు, పక్కనోడు పొరపాటున బటన్ నొక్కితే వేళ్ళు మిగలవు. బండిని అటూ ఇటూ ఊపితే డెక్క అయితే చాలాసార్లు దానంతట అదే జారిపోతుంది. రివర్స్ ఉన్న మోడల్ అయితే చేతులు తీసేసి, క్లిప్పు మళ్ళీ పెట్టి స్టార్ట్ చేసి, రెండు మూడు సెకన్లు రివర్స్ ఇచ్చి చూడొచ్చు. నైలాన్ తాడు, వల దారం అయితే ఊడదు, ఇంపెల్లర్ షాఫ్ట్‌కి చుట్టుకుని వేడికి కరిగి గట్టిపడిపోతుంది. పోయిన ఎండాకాలం చించినాడ బ్రిడ్జి దగ్గర మావాడి బండికి ఇలాగే అయ్యింది, పొద్దున్నించి మధ్యాహ్నం దాకా ప్లగ్గులు మార్చారు, ఫ్యూజులు చూశారు, చివరికి ఒడ్డుకి లాగి పక్కకి ఒరిగించి చూస్తే మూర పొడుగు వల తాడు, బ్లేడుతో ముక్కలు ముక్కలుగా కోసి తీశాం. ఒరిగించేటప్పుడు ఎటువైపు ఒరిగించాలో మీ బండి మాన్యువల్‌లో చూసి అటే ఒరిగించాలి (వెనక స్టిక్కర్ మీది బాణం బోల్తా పడ్డ బండిని తిప్పడానికి), రెండో వైపు ఒరిగిస్తే సైలెన్సర్‌లో నిల్వ ఉన్న నీళ్ళు ఇంజన్‌లోకి వెళ్ళిపోతాయి.

ఇసుక సంగతి వేరు. పోటు మీదున్నప్పుడు దిగిన రేవులోనే పాటు తీశాక చూస్తే మోకాలి లోతు కూడా ఉండదు, లంకల పక్కనైతే మరీను. మాన్యువల్స్‌లో బండి అడుగున కనీసం 60 నుంచి 90 సెంటీమీటర్ల నీళ్ళుండాలి అని రాస్తారు, అది ఊరికే రాసింది కాదు. తక్కువ నీళ్ళలో స్టార్ట్ చేస్తే ఇసుక లోపలికొచ్చి ఇంపెల్లర్ అంచులు, దాని చుట్టూ ఉండే వేర్ రింగు అరిగిపోతాయి. ఆ రెంటికీ మధ్య సందు పెరిగిందంటే నీళ్ళు అందులోంచి వెనక్కి జారిపోతాయి, పికప్ పోతుంది, అప్పుడు ఎన్ని ప్లగ్గులు మార్చినా ఉపయోగం లేదు, వేర్ రింగు మార్చాల్సిందే. చాలా మోడల్స్‌లో ఇంజన్ చల్లబడేది కూడా ఈ నదిలో నీళ్ళతోనే, కాబట్టి ఆ సన్నటి దారుల్లో ఇసుక పేరుకుంటే హీట్ అలారం మోగుతుంది, బండి దానంతట అదే స్పీడు తగ్గించేసుకుంటుంది. పక్కనుంచి సన్నగా నీళ్ళ ధార వచ్చే మోడల్ అయితే ఆ ధార మీద ఎప్పుడూ ఒక కన్నేసి ఉంచండి, సన్నబడినా ఆగినా వెంటనే ఇంజన్ ఆపేయాలి, ఒడ్డుదాకా ఇలాగే పోనిద్దాం అనుకోవద్దు.

అసలు స్టార్టే అవ్వట్లేదంటే ముందు క్లిప్పు సరిగ్గా కూర్చుందా చూడండి. అది బాగుండి, బటన్ నొక్కితే టక్‌మని ఒక్క సౌండ్ వచ్చి ఆగిపోతే బ్యాటరీ వైపు చూడాలి. మల్టీమీటర్ పెట్టండి, ఫుల్‌గా ఉంటే 12.6 వోల్టుల దగ్గర చూపిస్తుంది, 12.2 కన్నా దిగితే ఛార్జింగ్ పెట్టాలి. ఉప్పుగాలికి టెర్మినల్స్ మీద పచ్చగా తెల్లగా పొడి పడుతుంది, అది గీకేసి టైట్ చేస్తేనే సగం బళ్ళు లేచి కూర్చుంటాయి. బ్యాటరీ మంచిదే అయినా టక్ దగ్గరే ఆగితే సెల్ఫ్ రిలే, సెల్ఫ్ మోటార్ చూడాలి. కానీ ఇక్కడ ఇంకో అనుమానం కూడా ఉంది, సిలిండర్‌లో నీళ్ళు చేరినా సెల్ఫ్ తిరగదు, అది కింద చెప్తాను.

సెల్ఫ్ బాగానే తిరుగుతోంది, అందుకోవట్లేదు అంటే పెట్రోలు. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలు, చాలా జెట్‌స్కీల మాన్యువల్స్‌లో 10 శాతం దాకానే ఒప్పుకుంటారు. ఇథనాల్ తేమని పీల్చుకుంటుంది, మన డెల్టాలో గాలిలో తేమ సంగతి తెలిసిందే, వరదల టైములో రెండు మూడు నెలలు బండి షెడ్డులో ఉంటే నీళ్ళు ఇథనాల్‌తో కలిసి ట్యాంకు అడుక్కి దిగిపోతాయి, పంపు లాగేది ముందు అదే. అందుకే నిల్వ పెట్రోలు మొత్తం తీసేసి కొత్తది పోసి, ఫిల్టర్ చూసి, అప్పుడు ప్లగ్గులు తీసి చూడండి. పెట్రోలు పోశాక స్టార్ట్ చేసేముందు సీటు తీసి కాసేపు గాలి ఆడనివ్వాలి, లోపల ఆవిరి నిండి ఉంటే ఒక్క నిప్పురవ్వ చాలు.

బండి బోల్తా పడి లోపలికి నీళ్ళు వెళ్ళాయంటే అన్నిటికన్నా తొందరపడాల్సింది అదే, అన్నిటికన్నా తొందరపడకూడనిదీ అదే. సెల్ఫ్ కొట్టి కొట్టి చూడొద్దు, నీళ్ళు నొక్కుకుపోవు కాబట్టి కనెక్టింగ్ రాడ్ వంగిపోతుంది. ప్లగ్గులు అన్నీ తీసి, ప్లగ్గులకి కరెంటిచ్చే కాయిల్స్ దూరంగా పక్కకి పెట్టి, ప్లగ్గు రంధ్రాల మీద గుడ్డ కప్పి, థ్రాటిల్ పూర్తిగా నొక్కి పట్టుకుని కొద్దికొద్దిగా సెల్ఫ్ ఇస్తే నీళ్ళు బయటికి చిమ్ముతాయి, ముఖం పక్కకి పెట్టుకోండి. ఫోర్ స్ట్రోక్ అయితే డిప్‌స్టిక్ తీసి చూడండి, ఆయిల్ టీ రంగులో పాలు కలిపినట్టు ఉంటే నీళ్ళు కలిశాయి, మంచి రంగు వచ్చేదాకా రెండు మూడుసార్లైనా మార్చాలి. ఈ పని ఆ రోజే అయిపోవాలి, ఉప్పునీళ్ళు రాత్రంతా లోపల ఉంటే తెల్లారేసరికి తుప్పు పట్టేస్తుంది.

ఎండాకాలం నదిలో పైనుంచి వచ్చే నీళ్ళు తగ్గితే సముద్రపు ఉప్పు చాలా లోపలికి ఎక్కుతుంది, తియ్యటి నీళ్ళే కదా అనుకుని కడగడం మానొద్దు. ట్యాప్ పైపు తగిలించి ఇంజన్ లోపల కడిగేటప్పుడు వరస ముఖ్యం: ముందు ఇంజన్ స్టార్ట్, వెంటనే ట్యాప్. ఆపేటప్పుడు ముందు ట్యాప్ కట్టేసి, లోపలున్న నీళ్ళు పోయేలా పది పదిహేను సెకన్లు రేజ్ ఇచ్చి, అప్పుడు ఇంజన్. ఈ వరస తిప్పితే ఇంజన్ ఆగినా నీళ్ళు ఎక్కుతూనే ఉంటాయి, మీరు కడుగుతున్నాననుకుంటూ సిలిండర్లు నింపేస్తారు. ఇదే కారణంతో పాడైన బండిని ఇంకో బోటుకి కట్టి లాక్కొచ్చేటప్పుడు కూడా గంటకి 8 కిలోమీటర్లు దాటొద్దు, నడిచే మనిషికన్నా కొంచెం స్పీడు అంతే, బోటు నడిపే సరంగుకి ముందే చెప్పి కట్టించండి.