పెరటి కోళ్లకు గురక పట్టుకుంటే

మా నాటు పెట్ట రాత్రిళ్లు గురగురమంటుంటే కొక్కెర తెగులేమోనని టెన్షన్ పడ్డాం. కానీ ఆ తెగులుకు ఉండే మెడ వంకర, పచ్చ విరేచనాలు లేవు. కంటి మూల నురగ, తడి ముక్కుకు అంటుకున్న తవుడు. పశువుల డాక్టరు గారు చూసి సీఆర్‌డీ అన్నారు, అంటే కోళ్లకు మైకోప్లాస్మా అనే క్రిమి వల్ల వచ్చే దీర్ఘకాలిక శ్వాస జబ్బు. పెట్టను మిగతావాటికి దూరంగా వేరే గంప కింద పెట్టాను. ఆయన రాసిన టైలోసిన్ అనే యాంటీబయాటిక్ మందు కలిపిన నీళ్లే తాగించాను. ఆయన చెప్పిన గడువు దాకా గుడ్లు తినలేదు. అసలు గుణం గూడు బాగుచేశాకే కనిపించింది. తడిసిన ఊక ఎత్తేసి, పొడి ఊక పరిచి, పైభాగాన గాలి ఆడేలా జాలీ కొట్టించాను. అమ్మోనియా ఘాటు పోయింది, గురకా తగ్గింది. కోలుకున్న కోడిలోనూ క్రిమి ఉండిపోతుంది, గుడ్డు ద్వారా కోడిపిల్లలకూ సోకుతుంది. అందుకే మా గుడ్లు పొదిగించడం లేదు. కోడిపిల్లలు కావాలని అడిగినవాళ్లకు ఇదే చెబుతున్నాను.