ఆకు వాడిపోకముందే దాని రంగును పట్టుకునే చిట్కా

కోసి తెచ్చుకున్న ఆకును బొమ్మగా వేస్తుండగానే అది వాడిపోయి, అంచుల్లోని పసుపూ ఈనెల పక్కనున్న ఎరుపూ మారిపోవడం చిత్రకారులకు తరచూ ఎదురయ్యే చికాకు. అందుకని గీత మొదలుపెట్టకముందే, బొమ్మ వేయబోయే కాగితం నుంచే 3 సెంటీమీటర్ల వెడల్పున్న పట్టీని కత్తిరించి, దాని అంచు దగ్గర పంచింగ్ మెషీన్‌తో రంధ్రం చేసి, ఆ రంధ్రాన్ని ఆకు మీద ఒక్కొక్క చోట ఆనించి, అందులో కనిపించిన రంగును కలిపి పక్కనే పూయాలి. చుట్టుపక్కల రంగులు మరుగున పడటంతో, పచ్చగా ఉందనుకున్న చోటు నిజానికి బూడిద రంగుకు దగ్గరగా ఉందని తెలియడం కూడా మామూలే. పూత ఆరాకే ఆకుతో పోల్చాలి, ఎందుకంటే నీటి రంగులు ఆరితే పలచబడతాయి, అక్రిలిక్ రంగులు కాస్త ముదురుతాయి. నున్నగా మెరిసే ఆకును నేరుగా పడే ఎండలో చూస్తే మాత్రం ఈ పద్ధతి పనిచేయదు. రంధ్రంలో ఆకు రంగుకు బదులు వెలుగు తెలుపే కనబడుతుంది కాబట్టి నీడలోకి జరగాలి.