ఇంట్లో తొలి పగడాల ట్యాంక్: ఏం కనిపిస్తే ఏం చూడాలి

హైదరాబాద్‌లో, సముద్రానికి ఇంత దూరంలో, నేను ఉప్పునీటి ట్యాంక్ పెట్టి కొన్నేళ్లయింది. కొత్తగా పెట్టినవాళ్లు ఫోన్ చేసి ఏ మందు వేయమంటారని అడుగుతారు. మీరు పోస్తున్న నీళ్లు ఎక్కడివని నేను అడుగుతాను. సగం జబ్బులు అక్కడే దొరుకుతాయి.

పాచి ఎంత గీకినా మళ్లీ వస్తోంది

వంటింట్లోని ఆర్‌ఓ నీళ్లని టీడీఎస్ మీటర్‌తో (నీటిలో కరిగిన లవణాలని కొలిచేది) కొలవండి. ట్యాంక్‌కి వాడే నీళ్లలో సున్నా రావాలి. ఇంటి మెషీన్లు చాలావరకు తాగడానికి రుచి కోసం శుద్ధి చేసిన నీటిలో కొంత మామూలు నీటినో, ఖనిజాలనో తిరిగి కలుపుతాయి. అందుకే 50, 80 చూపిస్తుంది. బోరు నీళ్లయితే అందులో నైట్రేట్, సిలికేట్ కూడా ఉండొచ్చు. ఆవిరైన నీటికి బదులు రోజూ అవే పోస్తుంటే పాచికి రోజూ మేత వేస్తున్నట్టే. ఆర్‌ఓ మెషీన్‌లోని మెంబ్రేన్ (వడపోత పొర) దాటగానే, ఏమీ కలవకముందే నీళ్లు పట్టుకుని డీఐ రెసిన్ (మిగిలిన లవణాలని కూడా పట్టేసే గుళికలు) గుండా పంపండి. మీటర్ సున్నా దాటిన రోజు రెసిన్ మార్చండి.

అయితే పాచిలన్నీ ఒకటి కావు. తెల్ల ఇసుక మీద గోధుమరంగు పొడి పరుచుకుంటే అవి డయాటమ్‌లు అనే సూక్ష్మ పాచి. కొత్త ట్యాంకులో మామూలే, సిలికేట్ అయిపోతే కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గుతాయి. ముదురు ఎరుపు పొర దుప్పటిలా లేచి వస్తే సయనో, అంటే సయనోబ్యాక్టీరియా. మేత ఎక్కువై, నీటి కదలిక సరిపోని మూలల్లో పడుతుంది. సైఫన్‌తో లాగేసి, వేవ్‌మేకర్‌ని (నీటిని కదిలించే పంపు) ఆ మూలకి తిప్పండి.

మూడోది మోసం చేస్తుంది. గోధుమరంగు చీమిడి తీగల్లా వేలాడుతూ, వాటిలో గాలి బుడగలు చిక్కుకుని, రాత్రికి పలచబడి పగలు మళ్లీ కమ్ముకుంటే డైనోలు (డైనోఫ్లాజెలేట్‌లు అనే సూక్ష్మజీవులు) అనుకోవాలి. దీన్ని చూసి భయపడి నీళ్లు ఇంకా మార్చేస్తారు. అదే తప్పు. నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నాకి పడిపోయిన ట్యాంకుల్లోనే ఇవి ఎక్కువగా విజృంభిస్తాయి. నీటి మార్పు ఆపి, మేత కొంచెం పెంచి, ఆ రెండూ కిట్‌లో కనిపించే స్థాయికి తేవాలి. యూవీ స్టెరిలైజర్ కూడా చాలా సందర్భాల్లో పనిచేస్తుంది.

చేపలు బాగానే ఉన్నాయి, రొయ్యలు, నత్తలు చనిపోతున్నాయి

రాగిని అనుమానించండి. చేప తట్టుకునే మోతాదు కూడా వెన్నెముక లేని ప్రాణులను చంపేస్తుంది. ఇప్పుడు ఇళ్లలో రాగి కలిపే ప్యూరిఫైయర్లు వచ్చాయి. కొందరు టాపప్ నీళ్లని (ఆవిరైనదానికి బదులు పోసేవి) రాగి బిందెలో నిల్వ చేస్తారు. మనకి ఆరోగ్యమని చేసే పనే వాటి ప్రాణం తీస్తుంది. నా క్లీనర్ రొయ్యలు రెండూ అలాగే పోయాయి, ఆ బాధ ఇప్పటికీ ఉంది. ముందు రాగి వచ్చే దారి మూసేసి, నీళ్లు మార్చి, కార్బన్ పెట్టి, రాగి కిట్‌లో సున్నా వచ్చేదాకా కొత్త ప్రాణిని తేకండి. చేపల తెల్ల మచ్చలకి వేసే రాగి మందు కూడా విడి తొట్టిలోనే వాడాలి. పగడాల ట్యాంకులో పోస్తే రాళ్లు దాన్ని పీల్చుకుంటాయి.

చేప నీటి పైభాగానికి వచ్చి రొప్పుతోంది

ట్యాంక్ పెట్టి నెల కూడా కాకపోతే అమోనియా కొలవండి. ఉప్పునీటి పీహెచ్ 8 పైనే కాబట్టి అమోనియా ఇక్కడ మంచినీటిలో కంటే ఎక్కువ విషం. మేత ఆపి, అదే ఉప్పదనం, అదే వేడి ఉన్న నీళ్లతో మూడో వంతు మార్చండి. ట్యాంక్ పండటానికి, అంటే అమోనియాని అరిగించే బ్యాక్టీరియా స్థిరపడటానికి, సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది. అమోనియా, నైట్రైట్ రెండూ సున్నా వచ్చాకే క్లౌన్‌ఫిష్‌ని తెచ్చుకోండి.

అమోనియా లేకపోతే థర్మామీటర్ చూడండి. పగడాలకి 24 నుంచి 27 డిగ్రీలు హాయి. మే నెలలో మన గదుల్లో నీళ్లు 30 దాటుతాయి, వేడి నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది. హైదరాబాద్ పొడిగాలిలో నీటి మీదకి చిన్న ఫ్యాన్ తిప్పితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. విశాఖ ఉక్కపోతలో అది అంతగా పనిచేయదు, చిల్లర్ (నీటిని చల్లబరిచే యంత్రం) కొనాల్సిందే. కరెంటు పోయే ఇళ్లలో బ్యాటరీ ఎయిర్ పంప్ తప్పనిసరి.

పగడం ముడుచుకుంది

ఫ్యాన్ పెట్టిన వారంలోనే ఇది జరిగితే కారణం దొరికినట్టే. నీరు ఆవిరవుతుంది, ఉప్పు మిగిలిపోతుంది. లక్ష్యం 35 పీపీటీ (వెయ్యి పాళ్ల నీటిలో 35 పాళ్ల ఉప్పు), అంటే సాపేక్ష సాంద్రత సుమారు 1.026. ఉప్పునీరు కాకుండా డీఐ నీళ్లతోనే రోజూ టాపప్ చేయాలి. బాగా పెరిగిపోయి ఉంటే ఒక్కరోజులో కిందికి దించకుండా రోజుకి కొద్దికొద్దిగా తగ్గించండి. ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటర్‌ని 35 పీపీటీ ద్రావణంతో సరిచూసుకోండి. ఉప్పదనం సరిగానే ఉంటే ఆల్కలినిటీ (పీహెచ్ పడిపోకుండా ఆపే నీటి శక్తి) కొలవండి. దాని కొలమానంలో 8, 9 డీకేహెచ్ మధ్య నిలకడగా ఉంటే చాలు, అంకె కంటే నిలకడే ముఖ్యం.

గట్టి అస్థిపంజరం కట్టే రాతి పగడాలు మన వన్యప్రాణి సంరక్షణ చట్టంలో మొదటి షెడ్యూలులో ఉన్నాయి. ఎవరు అమ్మజూపినా కొనకండి. గట్టి అస్థిపంజరం లేని జోయాంథిడ్‌లు, మష్రూమ్ పగడాలతో మొదలుపెట్టండి. జోయాంథిడ్‌లలో కొన్నింటిలో పాలిటాక్సిన్ అనే తీవ్రమైన విషం ఉంటుంది కాబట్టి వాటిని తాకేటప్పుడు గ్లవ్స్ వేసుకోండి, అవి అంటుకున్న రాయిని వేడినీళ్లలో ఎప్పుడూ ఉడికించకండి.