విమర్శ చదివారు, కానీ మనసు మారలేదు: లోపం ఎక్కడుందో చూద్దాం

విమర్శ రాయడానికి ఓపిక కావాలి, ధైర్యం కావాలి. అంత కష్టపడి రాసింది ఎవరినీ కదిలించకపోతే బాధగా ఉంటుంది. విమర్శను వ్యంగ్యంగా రాయొచ్చు, అవతలివారిని అర్థం చేసుకుంటూ సహానుభూతితోనూ రాయొచ్చు. ఈ రెండిటిలో, నేను రాసినవాటిలోనూ, స్నేహితుల రాతలు దిద్దుతున్నప్పుడూ మళ్లీ మళ్లీ కనిపించిన సమస్యలివి. వరుసగా చదవక్కర్లేదు. మీకు జరిగింది ఏదో వెతుక్కుని అక్కడ ఆగండి.

సమస్య: ఎవరిని మార్చాలనుకున్నానో వాళ్లు ఇంకా మొండికేశారు

కారణం దాదాపు ఎప్పుడూ ఒకటే. వ్యంగ్యం ఎవరి మీద వేశామో వాళ్లే దాన్ని చదివి మారాలని ఆశపడ్డాం. పదిమందిలో నవ్వులపాలైన మనిషి ముందు పరువు కాపాడుకుంటాడు. తప్పు గురించి ఆలోచించే తీరిక అతనికి ఉండదు. వ్యంగ్యం పనిచేసేది పక్కన నిలబడి చూస్తున్నవాళ్ల మీద.

నేను వెళ్లే గ్రంథాలయం సాయంత్రం ఐదింటికే మూసేయడం మొదలుపెట్టినప్పుడు నిర్వాహకులకు ఇలా రాశాను: "ఉద్యోగాలు ఐదింటికి అయిపోతాయి, గ్రంథాలయమూ ఐదింటికే మూస్తారు. ఇక పుస్తకాలు నలగవు, అభినందనలు." స్నేహితులు మెచ్చుకున్నారు. నిర్వాహకులు జవాబివ్వలేదు. నెల తర్వాత ఇంకో ఉత్తరం రాశాను: "చీకటి పడేదాకా ఉండాలంటే సిబ్బందికి కష్టమని తెలుసు. ఉన్నది ఇద్దరే, వాళ్లకూ ఇళ్లున్నాయి. అయితే ఉద్యోగం చేసేవాళ్లకు ఇప్పుడు వారంలో ఒక్క రోజూ మిగల్లేదు. రెండు రోజులు ఆలస్యంగా తెరిచి ఆలస్యంగా మూస్తే పని గంటలు పెరగవు." ఈసారి పిలిచి మాట్లాడారు.

పరిష్కారం: రాసేముందు "ఎవరి మనసు మారాలి?" అని ఒక కాగితం మీద రాసుకోండి. నిర్ణయం తీసుకున్న మనిషే మారాలంటే సహానుభూతితో రాయండి. చూస్తున్న జనం మారాలంటే వ్యంగ్యం గురించి ఆలోచించవచ్చు.

సహానుభూతి అంటే మెత్తగా మాట్లాడటం కాదు. అనటోల్ రపోపోర్ట్ అనే శాస్త్రవేత్త 1960లోనే వాదన గురించి దీన్ని స్పష్టంగా చెప్పాడు. ముందు అవతలివారి మాటను వాళ్లు ఒప్పుకునేలా మనం చెప్పగలగాలి. ఆ మాట ఏ పరిస్థితుల్లో నిజమవుతుందో చూపించాలి. ఆ తర్వాతే మన అభ్యంతరం. ఇందులో మొదటి మెట్టే అన్నిటికంటే కష్టం. మీరు రాసిన సారాంశం చూసి అవతలి మనిషి "అవును, నేననేది అదే" అనగలడా? అనలేడనిపిస్తే మీరింకా విమర్శ మొదలుపెట్టే చోటికి చేరలేదు.

సమస్య: అర్థం చేసుకుని రాశాను, చివరికి విమర్శే మిగల్లేదు

"బహుశా", "కాస్త", "ఇంకొంచెం బాగుండేదేమో" లాంటి మాటల కింద అసలు విషయం కనపడకుండా పోయింది. పైకి కనిపించే కారణం ఇది. లోపల ఇంకోటి ఉంది: మన సహానుభూతి అంతా నిర్ణయం తీసుకున్నవాళ్లకే ఖర్చయిపోయింది. ఆ నిర్ణయం వల్ల నష్టపోయినవాళ్లకు ఒక్క వాక్యమూ దక్కలేదు. ఇది చిన్న లోపం కాదు, వాళ్లకు చేసిన అన్యాయమే.

పరిష్కారం: నష్టపోయిన మనిషి రోజు ఎలా గడుస్తోందో రెండు మూడు వాక్యాల్లో చూపించండి. తర్వాత ఏది తప్పో ఒకే వాక్యంలో, మెత్తని మాటలేవీ లేకుండా చెప్పండి. "ఈ పని ఎందుకు జరిగిందో నాకు తెలుసు" అనడానికీ "ఈ పని సరైనదే" అనడానికీ మధ్య గీత చెరిగిపోకూడదు.

సమస్య: "మీ ఇబ్బంది నాకు అర్థమైంది" అంటే కోపం తెచ్చుకున్నారు

ఆ మాట ఎవరికైనా రాయొచ్చు, అందుకే నమ్మరు. దాన్ని కొట్టేసి, వాళ్లకు మాత్రమే వర్తించే ఒక వివరం రాయండి. అలాంటి వివరం తెలియకపోతే ముందు అడిగి తెలుసుకోండి.

సమస్య: వ్యంగ్యాన్ని నిజమనుకున్నారు

1702లో ఇంగ్లండులో డేనియల్ డిఫో అనే రచయిత పేరు పెట్టకుండా ఒక కరపత్రం వేశాడు. అధికారిక చర్చిలో చేరనివాళ్లను అణచివెయ్యాలని వాదించే ఛాందసుడి గొంతుతో రాశాడు. నిజానికి అతనూ ఆ చేరనివాళ్లలో ఒకడే. కొందరు ఛాందసులు అది తమ మాటేననుకుని మెచ్చుకున్నారు. అసలు సంగతి బయటపడ్డాక అతన్ని జైల్లో పెట్టారు, 1703లో మూడు రోజులు నడివీధిలో మెడా చేతులూ బిగించే కొయ్యచట్రంలో నిలబెట్టారు.

కారణం: రాసేటప్పుడు మన గొంతు మన చెవిలో వినపడుతూనే ఉంటుంది, చదివేవాళ్లకు అక్షరాలే కనిపిస్తాయి. జస్టిన్ క్రూగర్, నికొలస్ ఎప్లీ, మరికొందరు 2005లో ఈమెయిళ్ల మీద చేసిన పరిశోధనలో, తమ వ్యంగ్యం సుమారు 78 శాతం సార్లు అర్థమవుతుందని రాసినవాళ్లు అనుకున్నారు. నిజంగా పట్టుకోగలిగింది 56 శాతమే. పైగా చదివేవాళ్లు తమకు కావలసిందే చూస్తారు. అమెరికాలో స్టీఫెన్ కోల్బేర్ అనే హాస్యనటుడు సంప్రదాయవాది వేషంలో చేసిన వ్యంగ్య టీవీ కార్యక్రమం మీద 2009లో వచ్చిన పరిశోధనలో, అతను పైకి నవ్విస్తున్నా నిజంగా తమ మాటే చెబుతున్నాడని అనుకునే ధోరణి సంప్రదాయవాదుల్లో ఎక్కువగా కనబడింది.

పరిష్కారం జొనాథన్ స్విఫ్ట్ అనే రచయిత 1729లో రాసిన వ్యంగ్య వ్యాసంలో దొరుకుతుంది. ఐర్లండులో పేదల పిల్లలను ధనికులకు ఆహారంగా అమ్మాలని అతను ప్రతిపాదించాడు. 1,20,000 మంది పిల్లల్లో లక్ష మందిని అమ్మకానికి పెట్టాలంటూ గుమాస్తా లెక్క వేశాడు. ఎవరూ సమర్థించలేనంత ఘోరంగా ఉంది కాబట్టి చాలామందికి అసలు ఉద్దేశం తెలుస్తుంది. అంతకంటే ముఖ్యమైనది చివర్లో ఉంది. ఊళ్లో ఉండని భూస్వాముల మీద పన్ను, దేశంలో తయారైన సరుకే వాడటం లాంటి నిజమైన పరిష్కారాలన్నీ "వీటి గురించి నాతో మాట్లాడకండి" అంటూ వరసగా చెప్పేశాడు. మీరూ అంతే చేయండి. సగం నమ్మదగ్గ అతిశయోక్తి వద్దు. మీరు నిజంగా కోరేదేమిటో రచనలో ఎక్కడో ఒకచోట కనిపించాలి. విషయం తెలియని ఒక్కరికైనా చూపించి, "ఇందులో నేనేం అడుగుతున్నాను?" అని అడగండి.

సమస్య: మనవాళ్లే చప్పట్లు కొట్టారు

మన విలువలతో మనవాళ్లకే చెప్పాం. మాథ్యూ ఫైన్‌బర్గ్, రాబ్ విల్లర్ అనే పరిశోధకులు 2013లో ప్రచురించిన పరిశోధనలో, పర్యావరణ రక్షణను శుభ్రత, పవిత్రత కోణంలో చెప్పినప్పుడు అమెరికా సంప్రదాయవాదులు దానికి దగ్గరయ్యారు. అవతలివాళ్లు దేన్ని గౌరవిస్తారో కనుక్కుని, మీ వాదనలో నిజంగా ఉన్న ఆ కోణాన్ని ముందుకు తీసుకురండి. లేనిదాన్ని అంటించకండి.

సమస్య: వ్యంగ్యం, సహానుభూతి రెండూ కలిపాను, రెండూ చెడ్డాయి

మొదటి పేరాలో ఆప్యాయంగా మాట్లాడి మూడో పేరాలో ఎత్తిపొడిస్తే, మొదటిది కూడా నటనేననుకుంటారు. వ్యంగ్యం నియమం మీదే ఉండాలి, దాన్ని అమలుచేసే చిన్న ఉద్యోగి మీద ఎప్పుడూ పడకూడదు. అలా విడదీయలేకపోతే రెండు రచనలు చేయండి: నిర్ణయం తీసుకున్నవాళ్లకు ఉత్తరం, జనానికి వ్యాసం. ఉత్తరం ముందు పంపి కొన్నాళ్లు ఆగండి. జవాబొస్తే, అందులో మీకు తెలియని సంగతులేమున్నాయో చూసి, వ్యాసం దిద్దాకే బయటపెట్టండి.