ఒకే కోడ్, మూడు కొట్లు: యాంట్‌తో బిల్డ్ స్క్రిప్ట్ ఎలా రాయాలి?

భీమవరంలో ఉంటూ చిన్న వ్యాపారాలకు బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ రాసి ఇస్తుంటాను. తణుకులో ఒక రైస్ మిల్లు, అంబాజీపేటలో ఒక కొబ్బరి కొట్టు, మా ఊళ్లోనే రొయ్యల మేత అమ్మే షాపు. ప్రోగ్రాం ముగ్గురికీ ఒకటే. బిల్లు మీద పేరు, జీఎస్టీ నంబరు, ప్రింటర్ కాగితం వెడల్పు మాత్రం మారతాయి. మొదట్లో వాటిని చేత్తో మార్చి, కంపైల్ చేసి, పెన్‌డ్రైవ్‌లో వేసుకుని బస్సెక్కేవాణ్ణి. ఒకరోజు కొబ్బరి కొట్టు పేరుతో మిల్లులో బిల్లులు వచ్చాయి. ఇక చేతి పని వద్దనుకుని అపాచీ యాంట్ పట్టుకున్నాను.

యాంట్ జావాలో రాసిన లైబ్రరీ, కంపైల్ నుంచి జిప్ దాకా ఉండే ‘బిల్డ్’ పనుల కోసం. ఏ పని తర్వాత ఏ పనో ఎక్స్‌ఎంఎల్ ఫైల్లో రాసిస్తే చేసిపెడుతుంది. టామ్‌క్యాట్ సర్వర్ కోసం జేమ్స్ డంకన్ డేవిడ్‌సన్ రాసుకున్న ఈ సాధనం 2000లో విడిగా బయటికొచ్చింది. ఇలాంటి పనికే మేవెన్, గ్రేడిల్ అనే సాధనాలు వచ్చాక ఇది పాతబడిందంటారు. ఇంటర్నెట్ నుంచి పది లైబ్రరీలు లాక్కురావాల్సిన ప్రాజెక్టుకైతే అవే నయం. కంపైల్, కాపీ, జార్ (కంపైలైన ఫైళ్ల మూట), జిప్ వరకే పనైతే యాంట్ చాలు, నెట్ లేకపోయినా నడుస్తుంది.

ఒక మాట: ఎక్స్‌ఎంఎల్‌లో కోణపు బ్రాకెట్ల మధ్య రాసే ట్యాగుల పేర్లు ఇక్కడ తెలుగులో రాస్తున్నాను. ఫైల్లో వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి.

ఇన్‌స్టాల్ చేయడం

యాంట్ 1.10కి జావా 8 గానీ ఆ పైది గానీ ఉండాలి. కంపైల్ చేస్తాం కాబట్టి కంపైలర్‌తో వచ్చే జావా కిట్ జేడీకేనే వేసుకోండి. యాంట్ జిప్ ఫైలును విప్పి, అందులోని బిన్ ఫోల్డర్‌ను పాత్‌లో చేర్చండి. జేడీకే ఎక్కడుందో చెప్పే జావా హోమ్ కూడా సెట్ చేయండి. కొత్త టెర్మినల్ తెరిచి యాంట్ అని కొట్టినప్పుడు ‘బిల్డ్ ఫైల్ లేదు’ అని తిట్టిందంటే సరిగ్గా ఎక్కినట్టే.

మొదటి ఫైలు

ప్రాజెక్ట్ ఫోల్డర్లో బిల్డ్ డాట్ ఎక్స్‌ఎంఎల్ అనే ఫైలు పెట్టండి. అన్నిటికీ పైన ప్రాజెక్ట్ ట్యాగ్ ఉంటుంది. దాని డిఫాల్ట్‌లో ఏ టార్గెట్ (పనిలో ఒక దశ) పేరు రాస్తే, ఉత్త యాంట్ అని కొట్టినప్పుడు అది నడుస్తుంది. లోపల నాలుగు టార్గెట్లు రాయండి: ఫోల్డర్లు తయారు చేసేది, కంపైల్ చేసేది, జార్ కట్టేది, చివరగా జిప్ చేసేది. అసలు పని చేసే ఎంకేడిర్, జావాసీ, జార్, జిప్ టాస్కులు వీటి లోపల ఉంటాయి.

టార్గెట్లను కలిపేది డిపెండ్స్. విజ్జేశ్వరం దగ్గర పశ్చిమ డెల్టా కాలువకు నీళ్లు వదిలితేనే పిల్లకాలువకు వస్తాయి, అక్కణ్ణుంచి బోదెకి, బోదె నుంచి శివారు చేనుకి. రైతు అడిగేది తన చేనుకి నీళ్లు రావాలనే. మనమూ జిప్ టార్గెట్‌ను అడుగుతాం. అది జార్ మీద, జార్ కంపైల్ మీద, కంపైల్ ఫోల్డర్ల మీద ఆధారపడతాయని రాసి ఉంటే, యాంట్ పైనుంచి ఒక్కొక్కటే పూర్తి చేసుకుంటూ వస్తుంది. మధ్యలో ఒకటి ఫెయిలైతే కింద ఉన్నవి కదలవు.

జావాసీ టాస్క్‌లో రెండు విషయాలు మొదటి రోజే రాసేయండి. ఇంక్లూడ్‌యాంట్‌రన్‌టైమ్ విలువను ఫాల్స్ చేస్తే ప్రతిసారీ వచ్చే హెచ్చరిక ఆగుతుంది. రెండోది ఎన్‌కోడింగ్, దాన్ని తెలుగు అక్షరాలు కూడా పట్టే యూటీఎఫ్-8 చేయండి. ఇది లేకుండా ఓసారి మిల్లులోని పాత విండోస్ కంప్యూటర్ మీదే కంపైల్ చేశాను. సాయంత్రానికి గుమస్తా గారి ఫోన్. ‘ఏమైందండీ, తెలుగు రావడం లేదా?’ అని అడిగితే, ‘ఆయ్, నికర తూకం అని ఉండాల్సిన చోట ఏవో పిచ్చి అక్షరాలు పడుతున్నాయండీ’ అన్నారు. జావా 18 నుంచి యూటీఎఫ్-8 దానంతటదే వస్తుంది. పాత వెర్షన్లలో మనమే చెప్పాలి.

కొట్టు మార్చడం

ప్రాపర్టీ అంటే పేరు పెట్టి దాచుకున్న విలువ. ప్రతి కొట్టుకూ ఒక ప్రాపర్టీస్ ఫైలు పెట్టి, పేరు, జీఎస్టీ నంబరు అందులో రాయండి. బిల్డ్ ఫైల్లో ‘షాప్’ అనే ప్రాపర్టీని బట్టి ఆ ఫైలు తెరవమనండి. కమాండ్‌లో హైఫన్ డీ తర్వాత షాప్ విలువ ఇస్తే చాలు. బిల్లు నమూనాలో పేరు రావాల్సిన చోట రెండు పక్కలా ఎట్ గుర్తుతో ఒక టోకెన్ పెట్టి, కాపీ టాస్క్‌లో ఫిల్టర్‌సెట్‌తో దాన్ని మార్పించండి.

ఇదంతా చేశాక కూడా మళ్లీ తప్పు పేరే వెళ్లింది! కాపీ టాస్క్ ఫైళ్ల టైమ్ చూస్తుంది. మూలం ఫైలు కొత్తది కాకపోతే ముట్టుకోదు. కొబ్బరి కొట్టుకు కట్టాక మిల్లుకు కడితే, నమూనా మారలేదు కాబట్టి పాత కాపీనే ఉంచేసింది. ఓవర్‌రైట్ విలువను ట్రూ చేసినా సరిపోతుంది. నేను మాత్రం ఒక్కో కొట్టుకు విడి బిల్డ్ ఫోల్డర్ పెట్టుకున్నాను, కళ్లకు కనిపిస్తుంది. లోగో బొమ్మలను ఆ ఫిల్టర్ గుండా పంపకండి, పాడైపోతాయి. వాటికి వేరే కాపీ రాయండి.

తికమక పెట్టేవి

యాంట్‌లో ప్రాపర్టీకి మొదట ఇచ్చిన విలువే ఖాయం. తర్వాత ఎన్నిసార్లు రాసినా మారదు. అందుకే కొట్టు ఫైలును ముందు చదివించి, అందరికీ వర్తించే విలువలను తర్వాత పెట్టాలి. నేను తలకిందులుగా పెట్టి ఒక రాత్రంతా జుట్టు పీక్కున్నాను.

ప్రాపర్టీ విలువ కావాల్సిన చోట డాలర్ గుర్తు పెట్టి, దాని పేరును మీసాల బ్రాకెట్లలో రాస్తాం. ఆ పేరులో అక్షరం తప్పితే యాంట్ ఎర్రర్ ఇవ్వదు. డాలర్ గుర్తు, మీసాల బ్రాకెట్లతో సహా అదే పేరుగా తీసుకుంటుంది. మీ ఫోల్డర్లో డాలర్‌తో మొదలయ్యే వింత ఫోల్డర్ కనిపిస్తే స్పెల్లింగ్ చూసుకోండి. ప్రాపర్టీస్ ఫైలు దొరక్కపోయినా అంతే, చప్పుడు చేయదు. ప్రతి అడుగూ చెప్పే వెర్బోస్ ఆప్షన్ పెట్టి నడిపితే తెలుస్తుంది.

బిల్డ్ ఫైల్లో కొట్టు పేరు రాయాల్సి వచ్చి, అందులో ‘అండ్ సన్స్’లో వచ్చే అండ్ గుర్తు (&) ఉంటే దాన్ని నేరుగా రాయకూడదు. దాని వెంట ఏఎంపీ, సెమికోలన్ రాయాలి. కామెంట్ లోపల రెండు హైఫన్లు పక్కపక్కన రాకూడదు. ఇవి ఎక్స్‌ఎంఎల్ పట్టింపులు, యాంట్ తప్పేం లేదు.

టార్గెట్ మీద ఇఫ్ పెట్టి ప్రాపర్టీ పేరు రాస్తే, ఆ ప్రాపర్టీ ఉందా లేదా అన్నదే చూస్తుంది. విలువ ఫాల్స్ అయినా టార్గెట్ నడుస్తుంది. ఇలాంటి షరతులు రెండు మూడు దాటాయంటే ఎక్స్‌ఎంఎల్‌తో కుస్తీ మానేయండి. జావాలో టాస్క్ క్లాస్‌ను ఎక్స్‌టెండ్ చేసి, ఎగ్జిక్యూట్ మెథడ్‌లో ఆ లెక్క రాసి, టాస్క్‌డెఫ్‌తో దానికో పేరు పెట్టండి. మేత షాపు పాత బిల్లు నంబర్లు కొనసాగించే పని నేనలాగే చేశాను. బిల్డ్ ఫైల్లో అది ఒక్క వరుస, జావాలో నలభై.